లోచ్ చేపలకు పెద్ద గాజుతొట్టి: ఏర్పాటు, వడపోత

తెలుగు అధ్యాపకునికి చేపల తొట్టితో పనేమిటని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. విద్యార్థులకు అక్కరకు వచ్చే శాస్త్ర విషయమేదైనా వ్రాయుమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు మేమును ఆ ప్రశ్నే వేసుకొన్నాము. జంతుశాస్త్రము మేము చదివిన చదువు కాదు. కాని పాతపట్నంలోని మా ఇంటి ముందు గదిలో పదేళ్ళుగా ఒక గాజుతొట్టి ఉన్నది. మా అబ్బాజాన్ కుర్చీ దాని ఎదుటనే ఉంటుంది. ఆ తొట్టి విషయమై మేము ఒకసారి చేసిన పొరపాటు, దాని తరువాత నేర్చుకొన్న లెక్కలు, ఈ వ్యాసమునకు ఆధారములు.

ముందుగా లోచ్ అనగా ఏమో చెప్పవలెను. ఇవి మంచినీటి చేపలు. సన్నగా, పొడవుగా, నోటి చుట్టూ మీసాలతో ఉంటవి. అడుగునే తిరుగుతవి, అడుగునే తింటవి. వీటిలో చాలా రకములకు కంటి క్రింద చర్మములో దాగిన చిన్న ముల్లు ఒకటి ఉంటుంది. భయపడినప్పుడు దానిని నిక్కబొడుచుకొంటవి. వలలో చిక్కిన చేపను తొందరపడి లాగితే ఆ ముల్లు వలకు పట్టుకొని చేపకే గాయమగును. మా ఊరి ప్రక్కగా పారే మహేంద్రతనయలోను, దాని నీరు పారే పొలాల కాలువలలోను ఇసుకలో దూరే చిన్న లోచ్ ఒకటి దొరుకుతుంది. మా విద్యార్థులను దాని పేరు అడిగితే తలకొక పేరు చెప్పారు. దక్షిణ భారతమున, శ్రీలంకలో విరివిగా ఉండే ఈ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లెపిడోసెఫాలిక్తిస్ థర్మాలిస్. నోరు తిరుగని పేరే గాని, చేప వేలెడంత కూడ ఉండదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండ ఉండలేము. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలను వర్ణిస్తూ పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1803లో లండనులో ఒక గ్రంథమును ప్రకటించాడు. అందులో చేపలకు మన తీరపు జాలరుల నోటిమాటలే శీర్షికలుగా ఆంగ్ల లిపిలో అచ్చయినవి. అవి ఎక్కువగా సముద్రపు చేపలు. కాలువలోని చిట్టి చేపకు అంతటి గౌరవము దక్కలేదు. 1822లో గంగానది చేపలపై ఫ్రాన్సిస్ హామిల్టన్ వ్రాసిన పుస్తకములో ఉత్తరదేశపు లోచ్‌లకు చోటు దొరికినది. భాషాధ్యాపకునికి ఈ విషయమున ఆసక్తి కలుగుటకు రస్సెల్ శీర్షికలు కొంత కారణమని ఒప్పుకొంటున్నాము.

ఇక అసలు సంగతి. మా మొదటి తొట్టి మూడడుగుల పొడవుది. 130 లీటర్లు పట్టేది. అందులో అబ్బాజాన్ కాలువనుండి తెచ్చిన ఇసుక లోచ్‌లు తొమ్మిది, కొండవాగు రాళ్ళ నడుమ దొరికిన పట్టీల లోచ్‌లు ఐదు ఉండేవి. తొట్టి క్రింద మూతబిగించిన డబ్బా ఫిల్టరు. దానిలోని స్పాంజిగుండా మోటారు నీటిని లాగి తిరిగి తొట్టిలోకి పంపేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినది. ఆ రాత్రే కరెంటు పోయింది. మా వీధికి ఐదవనాటికి గాని రాలేదు.

కరెంటు పోగానే ఫిల్టరు ఆగినది. నీరు కదలుట మానినది. రెండవనాటికి పట్టీల లోచ్‌లలో మూడు చనిపోయినవి. అప్పటినుండి అబ్బాజాన్ లాంతరు ప్రక్కన కూర్చొని, గంటకొకసారి చెంబుతో తొట్టి నీటినే ముంచి జానెడెత్తునుండి తిరిగి తొట్టిలో పోస్తూ వచ్చారు. రాత్రులు కూడ లేచి పోసేవారు. మిగిలిన రెండును బ్రతికినవి. ఇసుక లోచ్‌లు మాత్రము తొమ్మిదికి తొమ్మిది చెక్కుచెదరలేదు. మాటిమాటికి నీటి పైకి వచ్చి గాలి మింగి పోయేవి. ఈ జాతి చేపలు మింగిన గాలిలోని ప్రాణవాయువును ప్రేగుగోడల ద్వారా గ్రహించగలవని, మిగిలిన గాలిని వెనుకనుండి విడిచివేస్తవని తరువాత తెలుసుకొన్నాము. ఎండాకాలము కాలువలు మడుగులై పోయినప్పుడు వీటిని బ్రతికించే విద్య అదే. కొండవాగులో ఎల్లప్పుడు ఉరకలు వేసే నీటికి అలవాటుపడిన చేపకు ఆ విద్య లేదు.

ఐదవనాటి సాయంకాలము దీపాలు వెలిగినవి. మేము సంతోషము పట్టలేక ముందుగా చేసిన పని ఫిల్టరు మీట నొక్కుట. గొట్టమునుండి నల్లని నీరు బుసబుస వచ్చి తొట్టిలో పడినది. కుళ్ళిన గ్రుడ్డు వాసన గది నిండినది. ఆపే లోపలనే డబ్బాలోని నీరంతయు తొట్టిలో కలిసిపోయింది. తెల్లవారేసరికి పట్టీల లోచ్‌లు రెండును, ఇసుక లోచ్‌లలో ఆరును వెల్లకిలా తేలినవి. తుపాను చంపినవి మూడు, మేము చంపినవి ఎనిమిది. అబ్బాజాన్ మమ్ములను కోపపడలేదు. "బేటా, మీట నొక్కేముందు ఆ నీళ్ళ వాసన చూశావా?" అని మాత్రము అడిగారు. తరువాత చాల దినములు ఆ కుర్చీలో కూర్చొనలేదు.

ఆ డబ్బాలో ఏమి జరిగినది? వడపోత అనగానే మనకు గుడ్డలో టీ వడగట్టుట తలపునకు వస్తుంది. చెత్తను పట్టుట ఫిల్టరు పనిలో సగము మాత్రమే. అదియు చిన్న సగము. చేప మొప్పలనుండి, మలమునుండి, మిగిలిన మేతనుండి అమ్మోనియా పుట్టుతుంది. అది కంటికి కనబడదు. ఏ గుడ్డకును చిక్కదు. స్పాంజి రంధ్రాలలో నివాసముండే ఒక తెగ బాక్టీరియా దానిని నైట్రైటుగా మార్చును. మరియొక తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును. మొదటి రెండును చేపకు విషములు. మూడవది చాలవరకు నిరపాయము, వారమువారము నీరు మార్చితే తొలగిపోతుంది. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు వినొగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున ఈ సూక్ష్మజీవులను వేరుచేసి చూపాడు. పొలములో ఎరువు పైరుకు అందేది కూడ వీటి కృషి చేతనే. వీటికి ప్రాణవాయువు కావలెను. మూతబిగించిన డబ్బాలో నీరు ఆగితే ఉన్న ప్రాణవాయువును అవే త్వరలో త్రాగివేసి చచ్చును. పిదప ప్రాణవాయువు అక్కరలేని వేరు బాక్టీరియా అక్కడ పెరిగి దుర్గంధ విషములను తయారుచేయును. మేము ఐదు దినములు మూసియుంచిన ఆ కుళ్ళునే తొట్టిలో కుమ్మరించితిమి. తొట్టి యజమాని పెంచవలసినది మొదట బాక్టీరియాను, తరువాత చేపలను అని మాకు అప్పుడు బోధపడినది. చేతులు కాలిన తరువాత పట్టుకొన్న ఆకులివి.

అబ్బాజాన్ తిరిగి ఆ కుర్చీలో కూర్చొనవలెనని 2019లో పెద్ద తొట్టి ఆలోచన చేశాము. పెద్దదే ఎందుకు? నీరెంత ఎక్కువైతే వేడిమి గాని, విషము గాని అంత నెమ్మదిగా పెరుగును. మనిషి మేల్కొని సవరించుకొనుటకు వ్యవధి దొరుకును. మసీదు ఆవరణలోని హౌజులో నాలుగు చేపలు ఏ మోటారు లేకుండ బ్రతుకుట మనలో చాలామంది చూచినదే. విశాలమైన నీటిమట్టము గాలిని తాకుతూ ఉండుట, నీటిపాళముతో పోల్చితే చేపలు బహు తక్కువగా ఉండుట అందుకు కారణములు.

లోచ్‌కు లోతుతో పనిలేదు, నేలతో పని. కనుక ఎత్తు తగ్గించి పొడవు, వెడల్పు పెంచాము. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. 10 మిల్లీమీటర్ల గాజు. చేపలు ఎగిరి పడకుండ పైన రెండంగుళాలు ఖాళీ విడిచి నింపితే 16 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిల్లర. ఇసుక, రాళ్ళు ఆక్రమించినది పోగా 400 లీటర్ల నీరు మిగులును. ఇప్పుడు బరువు లెక్కించండి. నీరు 400 కిలోలు, ఇసుక 90, రాళ్ళు 40, గాజు 85, ఇనుప బల్ల 60. వెరసి 675 కిలోలు నిలిచేది పన్నెండు చదరపుటడుగులపై. అనగా చదరపుటడుగుకు 56 కిలోలు. ఇంటి గదులలో కాపురమునకు, సామానుకు మన దేశపు కట్టడ ప్రమాణము ప్రకారము లెక్కకట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, చదరపుటడుగుకు 19 కిలోలు మాత్రమే. అందుచేత మేడపై ఇటువంటి తొట్టి పెట్టదలచినవారు ఇంజనీరును అడుగక పెట్టరాదు. మేము నేలగదిలో, గోడవారగా, కిటికీ ఎండ పడని చోట పెట్టాము. బల్లపై సమమట్టపు గొట్టము పెట్టి చూచి, గాజు క్రింద అంగుళము మందపు థర్మోకోల్ పలక పరచాము. బల్లమీద చిన్న ఇసుకరేణువు మిగిలినను గాజు అక్కడ పగులుటకు అవకాశమున్నది.

ఇసుక ఎంపిక మేస్త్రీకి వదలరాదు. ఇప్పుడు ఇండ్లకు వాడే రాతిపొడి ఇసుక అంచులు వాడిగా ఉంటవి. అందులో తల దూర్చే చేప మీసాలు అరిగి, పుండ్లు పడి, తుదకు మేత వెదకుకొనుటకే పనికిరాకుండ పోవును. నదిలో దొర్లి నునుపెక్కిన సన్నని ఇసుక కావలెను. కడిగిన నీరు తేరుకొనునంతవరకు కడుగవలెను. మాకు పదునాలుగు మార్లు పట్టినది. గులకరాళ్ళపై నిమ్మరసము పిండితే నురుగు వచ్చెనా, అందులో సున్నమున్నట్లు. అది నీటిని గట్టిపరచును. ఇసుక రెండంగుళాలు చాలును. రాళ్ళను ఇసుకపై గాక తొట్టి అడుగునే ఆనించి, ఆ తరువాత ఇసుక పోయవలెను. లేకున్న లోచ్‌లు క్రింద త్రవ్వి తమపైననే కూల్చుకొనును. పగిలిన కుండపెంకులు మంచి గుహలు. అబ్బాజాన్ వాటి అంచులను స్వయముగా సానరాతిపై నూరి ఇచ్చారు.

వడపోత విషయమున చాలామంది మెచ్చుకొనే పద్ధతి ఒకటున్నది. తొట్టి క్రింద రెండవ తొట్టి పెట్టి, పై నీరు గొట్టముగుండా దానిలోకి పొర్లునట్లు చేసి, స్పాంజి గదులను దాటించి మోటారుతో మరల పైకి పంపుట. నీటిపాళము పెరుగును, గాలి బాగుగా తగులును. పద్ధతిలో దోషము లేదు. అయితే కరెంటు పోయినప్పుడు పై తొట్టిలోని నీరు పొర్లుగొట్టపు అంచువరకు క్రిందికి దిగును. మా కొలతలలో ఒక్క అంగుళము దిగినను 28 లీటర్లు. క్రింది తొట్టిలో ఆ మేరకు ఖాళీ ఉంచక నిండుగా పోసినవాని ఇంట గచ్చు మీద చేపల నీరే. పైకి పోయే గొట్టమునకు నీటిమట్టము దగ్గర సన్నని రంధ్రము పెట్టకపోతే, ఆ గొట్టము వెనుకకు పీల్చి ఇంకను ఖాళీచేయును. నెలకు పదిమార్లు కరెంటు పోయే చోట ప్రతిమారు ఈ గండము దాటవలెను. మేము దానిని మానుకొన్నాము.

మేమెన్నుకొన్నది విదేశములలో లోచ్‌లను పెంచేవారు నదిని అనుకరించుటకు కల్పించిన ఉపాయము. తొట్టి ఒక కొనలో రెండు పెద్ద స్పాంజిలు, మరియొక కొనలో రెండు చిన్న మోటార్లు. రెంటిని కలుపుతూ ఇసుక క్రింద సాధారణమైన పి.వి.సి. గొట్టములు. మోటార్లు స్పాంజిలగుండా నీటిని లాగి, గొట్టములలో నడిపించి, ఎదుటి కొననుండి చిమ్మును. నీరంతయు ఒకే దిక్కుకు, వాగువలె, పారుతుంది. చెత్త తనంతట తాను స్పాంజిల కొనకు కొట్టుకొని పోవును. అడుగున నిలిచే మురికియే లోచ్‌కు మొదటి శత్రువు గనుక ఈ ప్రవాహము దానికి రెండు విధముల మేలు. అన్నిటికంటె మాకు నచ్చిన గుణము వేరు: స్పాంజిలు తొట్టి నీటిలోనే బాహాటముగా ఉన్నవి. మోటారు ఆగినను వాటి చుట్టూ నీరున్నది. మూతబిగించిన డబ్బా లేదు. గొట్టములలో నిలిచే నీరు ఏపాటి? అయినను కరెంటు చాలసేపు పోయి వచ్చిన తరువాత మేము ఇప్పుడు మొదటి చెంబెడు నీటిని బక్కెటులోకి పట్టి, వాసన చూచి, ఆ తరువాతనే తొట్టిలోకి విడుస్తున్నాము.

మోటారు బలమెంత ఉండవలెను? కొండవాగు చేపలకు గంటకు తొట్టినీటికి పదింతలు తిరిగితే బాగు. మా 400 లీటర్లకు 4000 లీటర్లు. ఇసుక లోచ్‌లకు అందులో సగమైనను చాలును. కనుక ఒక మూల పెద్ద రాయిని అడ్డుపెట్టి నెమ్మది నీటిని వాటికి విడిచాము. మోటారు పెట్టెమీద అచ్చువేసిన అంకెను నమ్మరాదు. అది స్పాంజి లేక, గొట్టము లేక, ఎత్తు లేక కొలిచిన అంకె. రెండు మలుపులు తిరిగి, మురికి పట్టిన స్పాంజిగుండా వచ్చే నీరు దానికంటె చాల తక్కువ. పీల్చే ప్రతి నోటికి స్పాంజి తప్పనిసరి. సన్నని లోచ్ దూరలేని సందు లేదు. ఇసుక క్రింద జల్లెడ పలక పెట్టే పాతపద్ధతి కూడ వీటికి తగదు. పలక క్రిందికి దూరిపోయి అక్కడనే ఉండిపోగలవు.

ప్రాణవాయువు లెక్క మన జిల్లావారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. లీటరు నీరు 20 డిగ్రీల వేడిమిలో 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగలదు. 30 డిగ్రీలలో 7.5 మాత్రమే. మే నెల మధ్యాహ్నము చేపకు కావలసినది పెరుగును, నీటిలో ఉన్నది తగ్గును. అప్పుడే కరెంటు పోవును గదా! అందుకు గాలిపంపుతో పనిచేసే స్పాంజి ఫిల్టర్లు రెండు వేరుగా ఉంచాము. వాటి పంపు ఖర్చు 10 వాట్లు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1200 వాట్-గంటల శక్తి ఉంటుంది. బ్యాటరీ చెడకుండ సగమే వాడుకొన్నను 600. కాగితముమీద ఇది అరువది గంటలు. ఇన్వర్టరు తన వంతు తాను తిని వేయుటచేత అందులో సగము దక్కినను ఒక పగలు, ఒక రాత్రి గడచును. ప్రవాహపు మోటార్లను ఈ బ్యాటరీకి కలుపలేదు. ఆపదలో కావలసినది ఊపిరి. ప్రవాహము ఒకదినము లేకున్నను ఓర్చుకొనవచ్చును.

తొట్టి నింపిన మరునాడే చేపలను వేయుట అందరును చేసే తప్పు. బాక్టీరియా స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వవలెను. పరీక్ష చుక్కలు వేసి చూస్తే మొదట అమ్మోనియా, తరువాత నైట్రైటు పెరిగి, క్రమముగా రెండును సున్నకు వచ్చును. పాత తొట్టి స్పాంజి ఒకటి దొరికితే ఈ గడువు తగ్గును. ఇంటిలోని వారు "నీళ్ళకు మేత వేస్తున్నాడు" అని నవ్వితే నవ్వనీయుడు. స్పాంజిని ఎన్నడును కుళాయినీటిలో కడుగరాదు. క్లోరిను మన కలరా క్రిములను చంపినట్లే ఈ బాక్టీరియాను కూడ చంపును. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు, అనగా ఏడు బక్కెట్లు, మార్చినప్పుడు తీసిన పాతనీటిలోనే స్పాంజిని పిండవలెను; అదియు రెండింటిని ఒకేసారి కాదు. కొత్తగా పోసే కుళాయినీటిలో హైపో పలుకులు కొద్దిగా కరగించితే క్లోరిను విరిగిపోవును.

చేపల ఎంపిక గూర్చి రెండు మాటలు. దుకాణములలో నారింజరంగుపై నల్లపట్టీలతో ముద్దుగా కనబడే క్లౌన్ లోచ్ సుమత్రా, బోర్నియో ద్వీపముల నదులది. రెండంగుళాల పిల్లగా అమ్ముదురు; అది అడుగు పొడవు వరకు పెరుగగలదు, గుంపుగా తప్ప ఉండలేదు, ఇరువది ఏండ్లకు పైగా బ్రతుకగలదు. రెండడుగుల తొట్టికి దానిని కొనుట పాపమని మా అభిప్రాయము. మా ఆరడుగుల తొట్టికే మేము సాహసింపలేదు. పశ్చిమకనుమల బోటియా స్ట్రయేటా అనే చక్కని చారల లోచ్‌ను 1920లో నారాయణరావు గారు వర్ణించారు. అది ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో ఉన్నది, కొనకుండుట మేలు. మన కాలువ చేపలే పన్నెండు తెచ్చుకొన్నాము, ఎండిపోవుచున్న మడుగునుండి. కొన్న చేపను ఏదియు తిరిగి నదిలో విడువరాదు. పెంచలేక కొందరు విడిచిన సక్కర్ చేపలు మన చెరువులలో ఎంత పెరిగిపోయినవో జాలరులను అడుగవచ్చును. తొట్టికి మూత మరువరాదు. ఇవి సందు దొరికితే రాత్రివేళ ఎగిరి నేలపై పడును.

2021 సెప్టెంబరు 26 సాయంకాలము గులాబ్ తుపాను కళింగపట్నమునకు ఉత్తరముగా తీరము దాటినది. అంతకు ముందు మధ్యాహ్నమునుండి మా లోచ్‌లు అదేపనిగా పైకి క్రిందికి తిరిగినవి. గాలి ఒత్తిడి మారితే యూరపు దేశపు లోచ్ ఒకటి ఇట్లే తిరుగునని ప్రసిద్ధి. మా చేపలు తుపాను చెప్పినవని మాత్రము మేము చాటుకొనము. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. ప్రవాహపు మోటార్లు ఆగినవి. గాలిపంపు బ్యాటరీపై గుడగుడలాడుతూ ఉన్నది. అబ్బాజాన్ చెంబును ఎందుకైనా మంచిదని తొట్టి ప్రక్కన పెట్టుకొని పడుకొన్నారు. కరెంటు ఇరువదిరెండు గంటల తరువాత వచ్చింది. మేము మొదటి చెంబెడు నీరు పట్టి వాసన చూచి, ఆయనకు కూడ చూపించాము. తల ఊపారు. మీట నొక్కాము.

ఆయన కుర్చీ దగ్గరకు లాగుకొని లెక్కపెట్టారు. పదకొండు. మరల లెక్కపెట్టారు, పదకొండే. అన్నమునకు పిలిచినను లేవలేదు. తొమ్మిది దాటిన తరువాత కుండపెంకు ప్రక్కన ఇసుక కొంచెము కదలి, రెండు కండ్లు, కొన్ని మీసాలు బయటికి వచ్చినవి.